ఒపెక్ కోటాల వెనుక టెక్సాస్‌లోని ఓ చిన్న ఊరు

చమురు ఎగుమతి చేసే దేశాల కూటమి ఒపెక్ ఉత్పత్తి తగ్గిస్తానందంటే మన పెట్రోల్ బంకుల దాకా టెన్షనే. ఎవరెంత తోడాలో ముందే లెక్కకట్టే ఈ పద్ధతి వెనుక అమెరికాలోని తూర్పు టెక్సాస్‌లో, కిల్గోర్ అనే చిన్న ఊరి చరిత్ర ఉంది.

1872లో రైలుమార్గం పక్కన వెలిసిన ఊరది. పత్తే ఆధారం. ఆర్థిక మాంద్యంలో పత్తి ధర పడిపోయి జనం వలసపోతున్న సమయంలో, పెద్ద కంపెనీల నిపుణులు వద్దన్న చోటే డాడ్ జాయినర్ అనే డెబ్భై ఏళ్ల మనిషి బావి తవ్వించాడు. 1930 అక్టోబరులో అదే ప్రాంతంలోని హెండర్సన్ ఊరి దగ్గర చమురు పడింది. డిసెంబరు 28న కిల్గోర్ పక్కనే మరో బావి రోజుకు 22,000 బ్యారెళ్లు చిమ్మింది. కొన్ని వందల మంది ఉన్న ఊరికి వేల మంది వచ్చిపడ్డారు.

అక్కడ భూమి లోపల వుడ్‌బైన్ అనే ఇసుకరాతి పొర తూర్పుకు పైకి లేస్తూ పలచబడి ఆగిపోతుంది. ఆ అంచున సుమారు 45 మైళ్ల పొడవునా చమురు చిక్కుకుంది. పడమటి నుంచి నీటి ఒత్తిడి దాన్ని పైకి నెడుతుంది. అదుపు లేకుండా తోడితే ఆ ఒత్తిడి పడిపోయి, చమురు చాలావరకు రాతిలోనే ఉండిపోతుంది.

ఈ సంగతి తెలిసినా ఎవరూ ఆగలేకపోయారు. మన కోనసీమలో కొబ్బరితోట రైతుదైనా దాని కింది చమురు ప్రభుత్వానిది. టెక్సాస్‌లో అది భూయజమానిదే. పైగా పక్కవాడి నేల కింద నుంచి జారి వచ్చినా సరే, తోడినవాడికే చెందుతుంది. ఆగినవాడు నష్టపోతాడు. దురాశ ఉంది, నిజమే. కానీ ఆ దురాశకు దారి వేసింది చట్టమే. ఊళ్లోనే వెయ్యికి పైగా డెరిక్కులు, అంటే బావి తవ్వే ఎత్తైన చట్రాలు లేచాయి. ఊరి నడిబొడ్డున ఎకరం పైచిలుకు స్థలంలోనే 24 బావులు తవ్వారు.

డాలరు దగ్గర ఉన్న బ్యారెల్ ధర 1931 వేసవికి పది, పదిహేను సెంట్లకు దిగింది. ఆగస్టులో గవర్నర్ రాస్ స్టెర్లింగ్ సైనిక శాసనం పెట్టి బావులు మూయించాడు. ఆయన కూడా చమురు కంపెనీ నడిపిన మనిషే కాబట్టి చిన్న వ్యాపారులు ఆయన్ను నమ్మలేదు. దొంగచాటుగా తోడిన ‘హాట్ ఆయిల్’ రాత్రిళ్లు తరలిపోయేది. 1935లో దాని రవాణాను అడ్డుకునే కేంద్ర చట్టం వచ్చాక గానీ, పేరుకు రైళ్లదైనా చమురు ఉత్పత్తిని నియంత్రించే టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్ పెట్టిన కోటాలకు విలువ రాలేదు.

ఆ కమిషన్ పనితీరును వెనెజువెలాకు చెందిన పెరెస్ అల్ఫోన్సో శ్రద్ధగా అధ్యయనం చేశాడు. 1960లో బాగ్దాద్‌లో ఒపెక్‌ను స్థాపించినవారిలో ఆయన ఒకరు. 1972లో టెక్సాస్ తన బావులకు పూర్తి సామర్థ్యంతో తోడుకునే అనుమతి ఇచ్చేసింది. దాంతో మార్కెట్‌కు కొరత వస్తే అదనంగా ఇచ్చే శక్తి దానికి లేకుండా పోయింది. మరుసటి ఏడాదే ధర నిర్ణయించే అధికారం ఒపెక్ చేతికి వెళ్లింది.