మజిల్ బ్రేక్ మన్నికకు ముందు చూడాల్సింది లోహం కాదు

అమెరికాలో మోంటానా, కొలరాడో కొండల్లో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లేవాళ్లలో చాలామంది చేతిలో 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటా కాల్చే రైఫిల్ ఉంటుంది. 1963లో వచ్చిన ఈ తూటా ఎంత దూరం పోతుందో, కాల్చినవాళ్ల భుజాన్ని అంత గట్టిగా తంతుంది కూడా. ఆ దెబ్బ తగ్గించడానికి బ్యారెల్ కొసన బిగించేదే మజిల్ బ్రేక్. పక్కల కన్నాలున్న పొట్టి లోహపు గొట్టం అది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నిషేధం కాబట్టి మనకిది పెద్దగా పరిచయం లేని వస్తువు. కానీ ఇందులోని భౌతికశాస్త్రం మాత్రం బడిలో చదువుకున్న న్యూటన్ మూడో సూత్రమే.

లెక్క వేసి చూద్దాం. 11.7 గ్రాముల తూటా సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. దాని వెనకే కాలిన తుపాకి మందు తాలూకు గ్యాస్. ఆ మందు బరువు 5 గ్రాములు కూడా ఉండదు, అయినా బ్యారెల్ మూతి దాటాక అది తూటాను మించిన వేగంతో దూసుకొస్తుంది. అందుకే రైఫిల్ వెనక్కి తన్నే ద్రవ్యవేగంలో దాదాపు ఐదింట రెండు వంతులు గ్యాస్ వాటాయే. తూటా వాటాను ఏ బ్రేకూ తగ్గించలేదు. గ్యాస్‌ను మాత్రం లోపలి అడ్డుగోడలకు కొట్టించి పక్కలకు, కొంచెం వెనక్కి మళ్లిస్తుంది. గోడల మీద పడే ఆ తోపుడే రైఫిల్‌ను ముందుకు లాగుతుంది.

అంటే దెబ్బ తినడమే బ్రేక్ పని. వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటిన గ్యాస్, పూర్తిగా కాలని మందు రేణువులతో కలిసి, ఇసుకను గాలితో చిమ్మి తుప్పు వదిలించినట్టు మొదటి గోడను గీకేస్తుంది. ఎప్పుడూ ముందుగా అరిగేది ఆ గోడే. బ్యారెల్ పొట్టిదైతే మూతి దగ్గర ఒత్తిడి ఇంకా ఎక్కువగా ఉంటుంది, అరుగుదల కూడా అంతే.

ఇక లోహం సంగతి. 416 స్టెయిన్‌లెస్ స్టీల్‌ను లేత్ మీద కోయడం తేలిక, మన్నిక కూడా బాగుంటుంది. 17-4 రకం స్టీల్‌ను వేడిచేసి ఇంకా గట్టిపరచవచ్చు. టైటానియం బరువు స్టీల్‌లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. కానీ బాగా వేడెక్కితే దాని బలం తగ్గుతుంది, పైపొర రేణువులుగా లేచి తెల్లటి నిప్పురవ్వలవుతుంది. రోజంతా కొండలెక్కి, సీజన్‌కు కొద్ది తూటాలే కాల్చేవాళ్లకు టైటానియం చాలు. రేంజ్‌లో వరసగా కాల్చి ప్రాక్టీస్ చేసేవాళ్లు స్టీలే తీసుకోవాలి. 660 డిగ్రీలకే కరిగే అల్యూమినియం మాగ్నమ్ తూటాకు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

అయితే మంచి లోహాన్ని కూడా ఒక్క తూటాతో పాడుచేసేది వంకర బిగింపు. బ్రేక్ రంధ్రం తూటా వ్యాసం కంటే సాధారణంగా అర మిల్లీమీటరు పెద్దగా ఉంటుంది. అంటే ఒక్కో వైపు పావు మిల్లీమీటరే ఖాళీ. 60 మిల్లీమీటర్ల బ్రేక్ పావు డిగ్రీ ఒరిగితే చాలు, ఆ ఖాళీ అయిపోయి తూటా చివరి గోడను రాసుకుంటుంది. గురి ముందే చెడుతుంది, గట్టిగా తగిలితే బ్రేకే పగులుతుంది. అందుకే లేత్ మీద మరలు కోసేటప్పుడు బ్యారెల్ బయటి వైపును కాదు, లోపలి రంధ్రాన్ని ఆధారంగా పెట్టుకునే గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) కావాలి. బ్రేక్ ఆనే అంచు ఆ రంధ్రానికి సరిగ్గా లంబంగా ఉండాలి. బ్రేక్‌కూ ఆ అంచుకూ మధ్య నలిగి కూర్చునే క్రష్ వాషర్ అన్ని వైపులా సమానంగా నలుగుతుందన్న భరోసా లేదు. లాక్‌నట్‌తో బిగించే రకం మేలు. టైటానియం మరలు స్టీల్‌కు పట్టేసుకుంటాయి కాబట్టి కొంచెం యాంటీ సీజ్ పేస్ట్ రాయాలి.

కొనే ముందు చెవుల గురించి కూడా ఆలోచించాలి. పేలుడు శబ్దానికి 140 డెసిబెల్స్‌ను ప్రమాద హద్దుగా లెక్కిస్తారు. వేట రైఫిల్ బ్రేక్ లేకుండానే దాన్ని దాటేస్తుంది. బ్రేక్ పెడితే ఆ మోత కాల్చినవాళ్ల వైపుకీ, పక్కనున్న గైడ్ వైపుకీ మళ్లుతుంది. వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు. చెవిలో ప్లగ్, దాని మీద చెవిని మొత్తం కప్పే మఫ్ రెండూ పెట్టుకోవాలి, పక్కవాళ్లకీ ఇవ్వాలి. నార్వే, ఫిన్లాండ్ వేటగాళ్లలో చాలామంది సైలెన్సర్ వాడతారు. అది తన్నుడునూ తగ్గిస్తుంది, మోతనూ తగ్గిస్తుంది.