నాటుకోడి గుడ్ల లెక్క: అపోహలు - వాస్తవాలు

ఫోన్ ఎత్తగానే లెక్క మొదలవుతుంది. "సార్, చేవెళ్ల దగ్గర ఎకరం ఉంది, 500 నాటు పెట్టలు వేస్తా, గుడ్డు 15 రూపాయలు, అంటే రోజుకు 7,500..." పశువైద్యుడిగా మొయినాబాద్, శంకర్‌పల్లి చుట్టుపక్కల చిన్న ఫారాలకు తిరుగుతుంటాను. యూట్యూబ్ పుణ్యమా అని ఇదే లెక్క అందరి నోటా వింటున్నా.

అపోహ: నాటు పెట్ట రోజూ గుడ్డు పెడుతుంది.

పెట్టదండీ. విడతకు 12-15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, పిల్లలను లేపి తిప్పుకుంటుంది, ఆ తర్వాతే మళ్లీ గుడ్డు. ఏడాది మొత్తానికి 50 నుంచి 80. సగటున 60 వేసుకున్నా 500 పెట్టల మీద రోజుకు వచ్చేవి 82 గుడ్లు, అంటే 1,230 రూపాయలు. షెడ్డులో కట్టేసి మేపితే పెట్టకు రోజుకు 90 గ్రాములైనా దాణా కావాలి. 500 పెట్టలకు 45 కిలోలు, కిలో 30 రూపాయలనుకున్నా 1,350. కూలీ, కరెంటు, చచ్చిపోయిన పిల్లలు ఇంకా లెక్కలోకే రాలేదు!

ఉద్యోగం మానేసి షెడ్డు వేసిన కుర్రాడొకడు "గుడ్లు ఆగిపోయాయి, ఏదో జబ్బు సార్" అని టెన్షన్‌గా పిలిచాడు. వెళ్లి చూస్తే గూళ్లలో పెట్టలు రెండేసి ఇరుక్కుని కూర్చున్నాయి, ఈకలన్నీ ఉబ్బించి. ఒకదాని కింద చెయ్యి పెడితే గుర్రుమంటూ పొడిచింది, పొట్ట దగ్గర ఈకలు ఊడి చర్మం వేడిగా తగిలింది. అది జబ్బు కాదు, పొదుగు. అప్పటికే టానిక్కులకు వేలు పోశాడు పాపం. అడుగున జాలీ ఉన్న బోనులో మేత, నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే పొదుగు విరుగుతుంది. ముక్కులో ఈక గుచ్చడం లాంటి హింస వద్దు.

మరి ఊళ్లో అమ్మమ్మకు ఎలా గిట్టుబాటయింది అంటారు. ఆమెవి పది కోళ్లు. పెంటకుప్ప మీద పురుగులు, కల్లంలో గింజలు తిని సాయంత్రం గుప్పెడు నూకలకు గూటికి చేరేవి. పదింటికి సరిపోయే పెరట్లో యాభై వదిలితే దొరికేది మట్టే.

గుడ్ల కోసమే అయితే రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు రూపొందించిన గ్రామప్రియ అనే రకం కోడిని చూడండి. పెరట్లో తిరుగుతూనే ఏడాదికి 160-180 పెడుతుంది. వనరాజా వేరు, అది మాంసానికీ గుడ్లకూ కలిపి చేసిన రకం, బరువెక్కువ, గుడ్లు తక్కువ. గ్రామప్రియ గుడ్లనే పొదిగించి మంద పెంచుకుందామనుకోకండి, రెండో తరానికి ఆ దిగుబడి నిలవదు. వాటిని "ప్యూర్ నాటు" అని అమ్మకండి కూడా, దయచేసి.

అపోహ: గోధుమరంగు పెంకు అంటే నాటు గుడ్డే. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, ఫారం కోళ్లలోనూ గోధుమరంగు గుడ్లు పెట్టేవి ఉన్నాయి. సొన పచ్చదనం మేతను బట్టి, మొక్కజొన్న ఎక్కువ తింటే ముదురు పసుపు. పుంజు లేకపోతే గుడ్డు పెట్టదనేదీ తప్పే, పుంజు పిల్లల కోసం మాత్రమే. ప్లాస్టిక్ గుడ్ల వీడియోలు నాకు పంపకండి.

అపోహ: నాటుకోడికి జబ్బు రాదు, టీకా దండగ.

"నిన్న బాగున్నయ్ సారూ, పొద్దుగాల చూస్తే సగం పోయినయ్" అని ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్లకు ఏం చెప్పాలో తోచదు. ఆకుపచ్చగా పారుకోవడం, మెడ మెలితిరగడం కనిపిస్తే చాలామటుకు అది కొక్కెర తెగులే. దానికి మందు లేదు, రాకముందే టీకాలు వేయడమే. వారం వయసులో లసోటా అనే టీకా కంట్లో చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, ఎనిమిదో వారంలో అదే జబ్బుకు ఆర్‌టూబీ అనే టీకా సూది. టీకా మందును ఐస్ డబ్బాలోనే తీసుకెళ్లండి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయండి, ఎండ ఎక్కకముందే, అదీ ఆరోగ్యంగా ఉన్న కోళ్లకే.