జడుపుకు విరుగుడు

పసిబిడ్డ నిద్రలో ఉలిక్కిపడి లేచి ఊరుకోకుండా ఏడిస్తే, విశాఖపట్నంలో ఇప్పటికీ చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ‘జడుసుకున్నాడు’ అంటారు. గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొని మూడుసార్లు దిగదుడిచి నిప్పుల్లో వేస్తారు. మిరపకాయలు కాలినా ఘాటు రాలేదంటే దిష్టి బాగా తగిలిందని లెక్క. లాటిన్ అమెరికాలో పలుచోట్ల ఇలాంటి స్థితినే ‘సుస్తో’ అంటారు. హఠాత్తుగా భయపడ్డ మనిషిలోంచి ఆత్మ జారిపోతుందని నమ్మి, మూలికలతో ఒళ్లంతా తుడుస్తూ దాన్ని తిరిగి రమ్మని పిలుస్తారు.

భయపడ్డ శరీరం మాత్రం ఎక్కడైనా ఒకేలా నడుచుకుంటుంది. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగట్టగానే అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమరుస్తాయి. ఈ గుండెదడకు మనం చెప్పుకునే అర్థం దగ్గరే సంస్కృతులు వేరుపడతాయి. కంబోడియాలో దాన్ని ‘ఖ్యాల్’ అనే గాలి ఒంట్లో పైకి ఎగదన్నడంగా భావిస్తారు. అది తలకెక్కితే ప్రాణానికే ముప్పని తలచేవారికి ఆ తలపుతోనే దడ రెట్టింపవుతుంది, అప్పుడు నాణెంతో చర్మాన్ని గీరి గాలిని బయటికి పంపే ప్రయత్నం చేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు విశాఖలో ఉన్న నాకు, కిటికీ రెక్క కొట్టుకుంటే ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుంటుంది. మా ఇంట్లో దానికి పేరూ లేదు, విరుగుడూ లేదు.

భయానికీ ఆచారానికీ ఉన్న సంబంధాన్ని మానవ శాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గమనించాడు. ప్రశాంతమైన ఉప్పుటేరులో చేపలు పట్టేటప్పుడు అక్కడివారు మంత్రాల జోలికి పోరు, ఎందుకంటే అక్కడ నేర్పు చాలు. ఏం జరుగుతుందో తెలియని నడిసముద్రానికి వెళ్లేటప్పుడు మాత్రం మంత్రతంత్రాలు విస్తారంగా ఉంటాయి. దీన్ని మూఢత్వమని కొట్టిపారేయడం తొందరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే నేర్పు అందని చోట చేతికీ నోటికీ ఒక పని దొరికితే మనసు కుదుటపడి, అలలను కనిపెట్టడానికి తీరిక చిక్కుతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సాగే చేపల వేట నిషేధం ముగిశాక విశాఖ హార్బరులో మరపడవలు మళ్లీ కదులుతాయి. దారి చూపే జీపీఎస్, తుపాను కబురు చెప్పే వైర్‌లెస్ ఉన్న ఆ పడవల ముక్కుకు పసుపు, కుంకుమ పూసి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాకే తాళ్లు విప్పుతారు.