ఒక సెండ్‌కి ఒక రిసీవ్: ల్యాబ్‌లో ఏటా వినే అపోహ

"మేడమ్, నా సిస్టమ్‌లో బాగానే వచ్చింది, పక్క సిస్టమ్‌కి పంపితే సగమే వస్తోంది." నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఈ మాట వినని సెమిస్టర్ లేదు. వెంటనే కేబుల్ పోయిందనో, వైఫై స్లో అనో పుకారు. "మధ్యలో స్లీప్ పెట్టు", అంటే ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపు అని సీనియర్ల సలహా. దయచేసి పెట్టకండి.

అపోహ: ఒక సెండ్‌లో పంపింది ఒక రిసీవ్‌లో అలాగే వస్తుంది.

వాస్తవం: మీ మెసేజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో టీసీపీకి (రెండు ప్రోగ్రామ్‌ల మధ్య డేటాని వరస తప్పకుండా చేర్చే ప్రోటోకాల్) తెలీదు. దానికి తెలిసింది బైట్ల వరసే. టీసీపీ నియమాలు రాసిన 1981 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 793 నుంచీ అంతే. మూడు సెండ్‌లు ఒక్క రిసీవ్‌లో రావచ్చు, ఒక్క సెండ్ మూడు ముక్కలై రావచ్చు. లినక్స్‌లో లూప్‌బ్యాక్ (సిస్టమ్ తనకి తానే పంపుకునే దారి) ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ పరిమాణం, 65,536 బైట్లు కాబట్టి మీ సిస్టమ్‌లో లోపం చాలాసార్లు బయటపడదు. ఈథర్నెట్‌లో అది 1,500. హెడర్లు (ప్యాకెట్ ముందుండే చిరునామా లాంటి వివరాలు) పోగా డేటాకి మహా అయితే 1,460.

ఒకసారి ఒక అమ్మాయి పైథాన్‌లో చాట్ రాసింది. ఇంగ్లిష్‌లో చిన్న చిన్న మెసేజ్‌లు బాగానే వెళ్లాయి. తెలుగులో పొడుగాటి ఉత్తరం పంపగానే యూనికోడ్ డీకోడ్ ఎర్రర్, అంటే వచ్చిన బైట్లని అక్షరాలుగా మార్చలేకపోయింది. మర్నాడే వైవా, కళ్లనిండా నీళ్లు. "ఫాంట్ సపోర్ట్ లేదంటున్నారు మేడమ్." ఫాంట్‌కి దీనితో సంబంధమే లేదమ్మా అన్నాను. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్‌పాయింట్ (అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు లాంటివి) ఒక్కోటీ 3 బైట్లు. 'అమ్మ' అన్న మాటకే 12. తను రిసీవ్ చేస్తున్నది 1024 చొప్పున, ఒక అక్షరం నడిమికి తెగిపోయింది. ఇద్దరం కూర్చుని, ముందు 4 బైట్లలో పొడవు పంపి, అన్ని బైట్లూ చేరేదాకా లూప్‌లో చదివి, ఆ తర్వాతే డీకోడ్ చేసేలా మార్చాం. పొడవు చెప్పే ఆ 4 బైట్లనూ లూప్‌లోనే చదవాలి, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఖాళీ బైట్లు వచ్చాయంటే అవతలివాళ్లు కనెక్షన్ మూసేశారని, లూప్‌లోంచి బయటికి రండి. మారింది పట్టుమని పదిహేను లైన్లు కూడా కాదు.

మిగతావి గబగబా. సెండ్ సక్సెస్ అయితే అవతలికి చేరినట్టు కాదు, మీ సిస్టమ్‌లోనే ఉన్న కెర్నల్ బఫర్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ తాత్కాలికంగా దాచే చోటు) వెళ్లినట్టు. "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అంటే సిస్టమ్ రీస్టార్ట్ అక్కర్లేదు. పాత సర్వర్ ఇంకా నడుస్తోందేమో చూడండి, లేకపోతే అది టైమ్-వెయిట్, అంటే మూసేసిన కనెక్షన్‌ని సిస్టమ్ కాసేపు పట్టి ఉంచడం. బైండ్‌కి (సర్వర్‌కి అడ్రస్, పోర్ట్ కేటాయించే చోటు) ముందు రీయూజ్‌అడ్రస్ ఆప్షన్ పెట్టండి. చేరుతుందన్న హామీ ఇవ్వని యూడీపీ ప్రోటోకాల్ పనికిరానిదేం కాదు, డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) ప్రశ్నలు ఎక్కువగా వెళ్లేది దానిమీదే.

వైవా దగ్గరపడి భయపడుతున్నవాళ్లు ఈ రాత్రే ప్రతి రిసీవ్‌లోనూ, పొడవు చదివే దాంట్లో కూడా, సైజు తీసేసి 1 పెట్టి నడపండి. అప్పుడూ మెసేజ్ పూర్తిగా వచ్చిందంటే ముక్కల బెడద తీరినట్టే.