సీటు రాగానే డిగ్రీ రాదు: సీఎస్ఈ ఎం.టెక్, ఎంఎస్‌లపై అపోహలు - వాస్తవాలు

ఎం.టెక్ ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో గుంటూరు, విజయవాడ పిల్లలు అడిగేదంతా సీటు గురించే. ఏ కాలేజీ, ఎంత ఫీజు, హాస్టలా బస్సా? పట్టా చేతికి రావాలంటే ఏమేం పూర్తి కావాలో రాసి ఉండే రెగ్యులేషన్స్ పుస్తకాన్ని మాత్రం మొదటి సబ్జెక్టు పోయేదాకా ఎవరూ తెరవరు.

అపోహ: బీటెక్‌లో లాగే 40 వస్తే గట్టెక్కినట్టే.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఇంటర్నల్ 25, ఎండ్ ఎగ్జామ్ 75గా ఉండే జేఎన్టీయూ కాకినాడ ఎం.టెక్ పద్ధతిలో రెండు గీతలు దాటాలి. ఎండ్ ఎగ్జామ్‌లో 40 శాతం, అంటే 30 రావాలి. రెండూ కలిపితే 50 ఉండాలి. సరిగ్గా 30 తెచ్చుకున్నవారికి ఇంటర్నల్స్‌లో 20 ఉంటేనే పాసు. ఇంటర్నల్స్ 12 దగ్గర ఆగిపోతే ఎండ్ ఎగ్జామ్‌లో 38 కావాలి. సప్లీ రాసినా ఇంటర్నల్ మార్కు కదలదు కాబట్టి ఇంటర్నల్ కోసం రాసే మిడ్ పరీక్షల్లో పోగొట్టుకున్నది ప్రతిసారీ వెంటాడుతుంది.

హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే అనారోగ్య కారణం చూపించి, ఫీజు కట్టి మినహాయింపు అడగొచ్చు. 65 దిగువకు జారితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఉద్యోగం చేసుకుంటూ రెగ్యులర్ ఎం.టెక్ అని చెప్పేవారిని ఈ ఒక్క నిబంధన గురించి అడిగి చూడండి.

అపోహ: థియరీ పాసైతే చాలు, ప్రాజెక్టు కొనుక్కోవచ్చు.

ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) 2018 నమూనా సిలబస్‌లో మొత్తం 68 క్రెడిట్లు. అందులో డిసర్టేషన్ (ప్రాజెక్టు, థీసిస్) ఒక్కటే 26: మూడో సెమిస్టర్‌లో 10, నాలుగో సెమిస్టర్‌లో 16. మూడో వంతుకు పైగా డిగ్రీ అక్కడే ఉంది. జేఎన్టీయూ కాకినాడలో ప్రాజెక్టు రిజిస్టర్ చేసుకున్న రోజు నుంచి 40 వారాలు గడవందే థీసిస్ సమర్పించనివ్వరు, సబ్జెక్టులు మిగిలి ఉన్నా తీసుకోరు. అంటే మొదటి ఏడాది బ్యాక్‌లాగ్ ఒక్కటున్నా థీసిస్ దగ్గర ఆగిపోతుంది.

కొన్న ప్రాజెక్టుతో రెండు చిక్కులు. ఒకటి, అదే రిపోర్టు పదిమందికి అమ్ముడుపోయి ఉంటుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే తిరగరాసి ఆరు నెలల్లోపు ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రెఫరెన్సులు, విషయసూచిక, ఉటంకించిన వాక్యాలు ఈ లెక్కలోకి రావు. పోలిక ఎక్కువగా పెరిగేది రెండో అధ్యాయంలోనే, నిర్వచనాలన్నీ యథాతథంగా దించేస్తారు కదా!

రెండోది వైవా, అంటే మౌఖిక పరీక్ష. మిర్చి ఆకు తెగుళ్లను ఫొటో చూసి గుర్తించే మోడల్ అనుకుందాం. మన ప్రాంతంలో ఇది బాగా నప్పే అంశం. 99 శాతం కచ్చితత్వం అని స్లైడు వేయగానే ఎగ్జామినర్ అడిగేది, డేటాను ఎప్పుడు విడగొట్టారని. ముందే ఫొటోలను తిప్పి, కత్తిరించి సంఖ్య పెంచి, ఆ తర్వాత ట్రైనింగ్, టెస్టుగా విడగొడితే ఒకే ఆకు రెండు వైపులా పడుతుంది. మోడల్ నేర్చుకోదు, గుర్తుపెట్టుకుంటుంది. ముందు విడగొట్టాలి, ట్రైనింగ్ భాగంలోని ఫొటోలనే పెంచాలి. సొంతంగా చేసినవారు ఈ ప్రశ్నకు తడుముకోరు.

అపోహ: గేట్ (జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష) లేకపోతే ఎం.టెక్ లేదు.

పీజీఈసెట్ ఉంది: 120 ప్రశ్నలు, రెండు గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. కాకపోతే నెలకు రూ.12,400 ఏఐసీటీఈ స్కాలర్‌షిప్ గేట్ స్కోరుతో చేరినవారికే. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

అపోహ: అమెరికా ఎంఎస్‌లో థీసిస్ ఉండదు, పది కోర్సులు చదివితే అయిపోతుంది.

చాలాచోట్ల 30 క్రెడిట్లు, పది కోర్సులు, థీసిస్ ఐచ్ఛికం. ఇంతవరకు నిజమే. కానీ సగటు జీపీఏ (గ్రేడ్ పాయింట్లు, గరిష్ఠం 4) 3.0 కంటే తగ్గితే డిగ్రీ ఇవ్వరు. ఒక్క సీ గ్రేడ్ పడితే దాన్ని పూడ్చడానికి ఒక ఏ గ్రేడ్ కావాలి. మనవాళ్లు ఎక్కువగా చేరే యూటీ డల్లాస్‌లో 33 క్రెడిట్లు, కోర్ కోర్సుల్లో విడిగా 3.19 అడుగుతారు.

ట్రిపుల్ఈ, మెకానికల్ నుంచి వెళ్లేవారికి అసలు దెబ్బ ప్రీరిక్విజిట్ల (ముందుగా చదివి ఉండాల్సిన కోర్సుల) దగ్గర. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ లాంటివి అదనంగా చదవమంటారు. వాటికి ఫీజు కట్టాలి, డిగ్రీ క్రెడిట్లలో మాత్రం కలపరు. ఇలాంటివి మూడుంటే ఒక సెమిస్టర్ పెరిగినట్టే. ఎఫ్-1 (విద్యార్థి) వీసాపై సెమిస్టర్‌కు సాధారణంగా 9 క్రెడిట్లు తీసుకోవాలి. ఆన్‌లైన్ క్లాసులు ఎన్ని తీసుకున్నా ఆ లెక్కలోకి ఒక్కటే వస్తుంది. ఫుల్‌టైమ్ సీపీటీ (చదువుతుండగా పనిచేసే అనుమతి) 12 నెలలకు చేరితే ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) పోతుంది.

అడ్మిషన్ లెటర్‌లో ప్రీరిక్విజిట్ల జాబితా లేకపోతే, డిపాజిట్ కట్టకముందే డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ రాసి, ఏయే కోర్సులు చదవాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి. కన్సల్టెన్సీ నోటిమాటగా ఇచ్చే హామీ అక్కడ చెల్లదు.