తుడవాల్సిన తుప్పు, తాకకూడని తుప్పు

పుల్లటి మామిడికాయ తరిగి కడగకుండా వదిలేసిన పాత ఇనుప కత్తిపీట తెల్లారేసరికి ఎలా నల్లబడుతుందో మన ఇళ్లలో చూసిందే. స్టెయిన్‌లెస్ స్టీలు చాకుకు ఆ బెడద తక్కువ. అందులోని క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని పొర కట్టి లోపలి ఇనుమును కాస్తుంది. పాత జపాన్ కత్తిలో ఆ క్రోమియం లేదు. ఇనుప ఇసుకను బొగ్గుతో కలిపి తతర కొలిమిలో కాల్చి తీసిన తమహగానే ఉక్కు అది. ఇనుము, కొద్దిగా కార్బన్, అంతే. ఆరేడు వందల ఏళ్ల నాటి కత్తి ఇవాళ నీళ్లలా మెరుస్తోందంటే, ఇన్ని తరాలుగా దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నారన్నమాట.

తుప్పుకు వాన నీరే అక్కర్లేదు. గాలిలో తేమ ఎక్కువైతే ఉక్కు మీద కంటికి ఆనని పలచటి నీటిపొర నిలుస్తుంది. ఆ పొరలో ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది, ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. వేలిముద్ర పడితే పని ఇంకా తొందరగా సాగుతుంది. చెమటలోని ఉప్పు గాలి తేమను లాగి పట్టుకుంటుంది, అందులోని క్లోరైడు గుంటలు తవ్వుతుంది. పట్టిన తుప్పు గుల్లగా ఉండి మళ్లీ తేమనే దాచుకుంటుంది. అందుకే కత్తి చూసేవాళ్లు అలుగును చేత్తో తాకరు. దాని మీదికి ఊపిరి, ఉమ్మి తుంపర పోకుండా ఉండాలని కత్తి చేతిలో ఉన్నంతసేపూ మాట్లాడరు.

దాచే పద్ధతిలో నాకు బాగా నచ్చింది షిరసాయా, అంటే రంగూ మెరుగూ లేని తెల్ల ఒర. హోనోకి అనే మెత్తటి మాగ్నోలియా కర్రను రెండు బద్దలుగా చెక్కి, అన్నం మెతుకులు నూరిన బంకతో అతికిస్తారు. గట్టి జిగురు లేక కాదు. లోపల తుప్పు రేణువులో మడ్డి నూనో చేరితే ఒరను చీల్చి, తుడిచి, మళ్లీ అతికించుకోవాలి కదా! అలుగు మొదట్లో హబాకి అనే లోహపు పట్టీ ఉంటుంది. అదే ఒర మూతిలో బిగుసుకుని, అలుగు చెక్కకు ఒరుసుకోకుండా పట్టి ఉంచుతుంది. నడుముకు కట్టుకునే అలంకార ఒరను వేరుగా పెడతారు. పొడి గాలిలో ఉక్కుకు హాయి, కానీ ఉరుషి చెట్టు పాలతో మెరుగుపెట్టిన చెక్క మరీ పొడిబారితే పగులుతుంది. రెంటికీ ఒకే గాలి పడదు. ఆ అలంకార ఒరలో, పిడిలో అసలు కత్తికి బదులు చెక్కతో చేసిన అలుగును దోపి ఉంచుతారు.

ఇక నూనె. లవంగం వాసన ఉండే ఈ నూనెను చోజి అంటారు. ఇవాళ దొరికే దాంట్లో ఎక్కువ భాగం ఖనిజ తైలమే, లవంగ నూనె కొద్దిగా కలుస్తుంది. కాపాడేది వాసన కాదు, నీటికీ ఉక్కుకూ మధ్య నిలిచే పలచటి పొర. ఎక్కువ పూస్తే మంచిదనుకోవడం పొరపాటు. కారిన నూనె ఒరలోకి ఇంకి దుమ్మును పట్టుకుంటుంది. నూనె పాతబడితే జిడ్డుకట్టి మరకలు పడతాయి. కాబట్టి ఏడాదికి ఒకటి రెండుసార్లైనా పాత నూనె తుడిచి కొత్తది రాయాలి. కొత్తగా సానపట్టిన కత్తికైతే ఇంకా తరచుగా. తుడవడానికి మెత్తని సానరాతి పొడిని పట్టుగుడ్డలో మూటకట్టి అద్దే పద్ధతి ఉంది, దాన్ని ఉచికో అంటారు. ఎంత మెత్తనిదైనా రాయి రాయే. పదే పదే అద్దితే సన్నటి గీతలు పడతాయి కాబట్టి, శుభ్రమైన ఆల్కహాలుతో, మెత్తటి గుడ్డతో తుడవడమే మేలని నేనంటాను.

తుప్పు పట్టాక సానపట్టిస్తే పోదా? పోతుంది, దాంతోపాటు ఉక్కూ పోతుంది. చాలా కత్తుల్లో గట్టి తొడుగు లోపల మెత్తటి ఇనుము ఉంటుంది. సాన మీద సాన పడితే తొడుగు అరిగి లోపలి ఇనుము బయటపడుతుంది. అలాంటి దాన్ని జపాన్‌లో ‘అలసిన కత్తి’ అంటారు. ఆ అలసట తీరేది కాదు.

ఇంత జాగ్రత్తపడే మనుషులే కత్తిలో ఒక్క చోట తుప్పును వేలితో కూడా గీకరు. పిడిలోకి దిగే భాగం, నకాగో. శతాబ్దాలుగా నిదానంగా నల్లబడిన ఆ తుప్పు రంగును, చిక్కదనాన్ని బట్టి కత్తి వయసును అంచనా కడతారు. కమ్మరి తన పేరు చెక్కేదీ అక్కడే. తెలియక ఎవరైనా దాన్ని గరుకు కాగితంతో రుద్ది ‘శుభ్రం’ చేస్తే, కత్తి విలువతో పాటు దాని సాక్ష్యమూ పోతుంది.

తుప్పు కింద ఏముందో తెలియకముందే చెయ్యి పెట్టకూడదని ఇనారియామా ఖడ్గం చూస్తే తెలుస్తుంది. జపాన్‌లోని సైతామా ప్రాంతంలో ఒక పురాతన సమాధి దిబ్బలో 1968లో దొరికినప్పుడు అది తుప్పు ముద్ద. పదేళ్ల తర్వాత, 1978లో, సంరక్షణ పనిలో భాగంగా ఎక్స్‌రే తీస్తే లోపల బంగారంతో పొదిగిన 115 అక్షరాలు బయటపడ్డాయి. అందులో చెప్పిన ఏడాది క్రీ.శ. 471 అని ఎక్కువమంది పండితులు లెక్కగట్టారు. అంత శిథిలమైన ఇనుముకు నూనె చాలదు. ఆక్సిజన్ అసలే అందకుండా, నైట్రోజన్ నింపిన అద్దాల పెట్టెలో ఇప్పుడు దాన్ని భద్రపరిచారు.