రష్యా టెక్ వ్యవస్థాపకులు, వెంచర్ మదుపరులు: కొన్ని అపోహలు - వాస్తవాలు

స్టార్టప్‌లలోకి వచ్చే విదేశీ పెట్టుబడి అసలు ఎవరిదో, ఏ దారిలో వస్తోందో పరిశీలించి నివేదిక ఇవ్వడం నా వృత్తి. మదుపరుల జాబితాలో రష్యన్ పేరు కనిపించగానే మన వ్యవస్థాపకులు సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు. ఇది పుతిన్ ప్రభుత్వపు డబ్బా అన్నది మొదటిది. వీళ్లంతా గణితంలో అసాధ్యులట కదా అన్నది రెండోది. మనిషి జీవిత కథ చదివితే అతని డబ్బు సంగతి తెలిసిపోతుందన్న నమ్మకమే ఈ రెండు ప్రశ్నలకూ మూలం. ఎవరికి ఎంత వాటా ఉంది, కంపెనీ ఏ దేశంలో రిజిస్టరైంది, ఆ వాటాను అమ్ముకోవాలంటే ఎవరి అనుమతి కావాలి అన్న మూడు విషయాలు రష్యన్ టెక్ రంగంలో ఎందరి ప్రస్థానాన్నో మలుపు తిప్పాయి. వాటి గురించి మాత్రం అడిగేవారు అరుదు.

అపోహ: రష్యా టెక్ పెట్టుబడి అంటే ప్రభుత్వ ధనమే.

వాస్తవం: ప్రభుత్వ ఫండ్లు ఉన్న మాట నిజమే, అవి రహస్యమేమీ కావు. 2006లో రష్యన్ వెంచర్ కంపెనీ, 2007లో నానోటెక్నాలజీకి నిధులిచ్చే రుస్నానో, 2011లో ఆర్‌డీఐఎఫ్ (రష్యా ప్రత్యక్ష పెట్టుబడుల నిధి) ప్రభుత్వ చొరవతోనే ఏర్పడ్డాయి. వీటిలో చివరిది మనవాళ్లకు తెలిసిన పేరే. స్పుత్నిక్-వి టీకాకు పెట్టుబడి పెట్టి, 2020లో డాక్టర్ రెడ్డీస్‌తో ఒప్పందం చేసుకున్నది ఈ సంస్థే. ఆ టీకా తొలి డోసు మన దేశంలో 2021 మే నెలలో హైదరాబాద్‌లోనే వేశారు.

అయితే రష్యాలో అతిపెద్ద టెక్ కంపెనీగా ఎదిగిన యాండెక్స్ ఇలా ప్రభుత్వ ధనంతో మొదలు కాలేదు. 1997లో ప్రారంభమైన ఆ సెర్చ్ ఇంజిన్‌కు 2000లో రు-నెట్ హోల్డింగ్స్ అనే ప్రైవేటు సంస్థ 52.8 లక్షల డాలర్లు ఇచ్చి 35.72 శాతం వాటా తీసుకుంది. రు-నెట్ వెనుక ఉన్న లియొనీద్ బొగుస్లావ్‌స్కీ సోవియట్ కాలంలో మాస్కోలోని ఒక పరిశోధన సంస్థలో కంప్యూటర్ శాస్త్రవేత్త. 1990లలో సాఫ్ట్‌వేర్ వ్యాపారం పెట్టి, దాన్ని ప్రైస్ వాటర్‌హౌస్‌లో కలిపి, ఆ తర్వాతే మదుపరి అయ్యారు. అమెరికన్ సంస్థ డేటాడాగ్‌లో తొలి దశలోనే డబ్బు పెట్టిన ఆర్‌టీపీ గ్లోబల్ కూడా ఆయనదే. యాండెక్స్‌లోకి ప్రభుత్వ రంగ బ్యాంకు అయిన స్బెర్‌బ్యాంక్ 2009లో గానీ ప్రవేశించలేదు. అది కూడా ఒకే ఒక్క ‘గోల్డెన్ షేర్’ రూపంలో, 1 యూరో ధరకు ప్రవేశించింది. పావు వంతుకు మించిన వాటా ఒకే చేతిలోకి పోకుండా అడ్డుకునే హక్కు ఆ షేరుతో పాటు వచ్చింది. కంపెనీ పుట్టినప్పుడు కనిపించని ప్రభుత్వం, కంపెనీని అమ్మే దారి దగ్గర వచ్చి నిలబడింది.

ఫేస్‌బుక్, ట్విట్టర్‌లలో పెట్టుబడి పెట్టిన రష్యన్ మదుపరి యూరి మిల్నర్ విషయంలో మాత్రం ఈ అపోహలో కొంత నిజముంది. 2017లో బయటపడిన పారడైజ్ పేపర్స్ అనే రహస్య ఆర్థిక పత్రాల ప్రకారం, ఆయన సంస్థ డీఎస్‌టీ ట్విట్టర్‌లో పెట్టిన డబ్బులో కొంత వీటీబీ అనే ప్రభుత్వ రంగ బ్యాంకుది. ఫేస్‌బుక్ వాటాలకు వెళ్లిన డబ్బులో కొంత ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ అనుబంధ సంస్థ నుంచి వచ్చింది. వారు నిర్ణయాధికారం లేని భాగస్వాములు మాత్రమేనని మిల్నర్ వాదించారు. 2011 తర్వాత రష్యన్ మదుపరుల నుంచి నిధులు సేకరించలేదని డీఎస్‌టీ గ్లోబల్ చెబుతోంది. ఫ్లిప్‌కార్ట్, ఓలా, స్విగ్గీలలో అది పెట్టుబడి పెట్టినదంతా ఆ తర్వాతి కాలంలోనే. నా మటుకు నాకు ఇందులో ముఖ్యమైన సంగతి వేరొకటి ఉంది. ఫండును నడిపేవారి పేరు అందరికీ తెలుస్తుంది గానీ, ఆ ఫండులో డబ్బు పోసినవారి పేర్లు తెలియడానికి ఈ ఉదంతంలో ఏళ్లు పట్టింది. ఈ చిక్కు రష్యాకే పరిమితమైనదీ కాదు.

అపోహ: వీరంతా భౌతిక, గణిత శాస్త్ర మేధావులు, ఆ మేధస్సే వారిని కోటీశ్వరులను చేసింది.

వాస్తవం: మాస్కో ఫిజిక్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చినవారు చాలామందే ఉన్నారు. సాఫ్ట్‌వేర్ సంస్థ ఏబీబీవైవైను స్థాపించిన డేవిడ్ యాన్, పారలల్స్, అక్రోనిస్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలను స్థాపించిన సెర్గెయ్ బెలౌసోవ్, ఆన్‌లైన్ బ్యాంకింగ్ సంస్థ రివల్యూట్ స్థాపకుడు నికొలాయ్ స్తరోన్‌స్కీ అక్కడ చదివినవారే. కానీ రష్యన్ సోషల్ నెట్‌వర్క్ వీకేను స్థాపించిన పావెల్ దూరోవ్ చదివింది భాషాశాస్త్ర విభాగంలో. ఆన్‌లైన్ దుకాణం వైల్డ్‌బెర్రీస్ మొదలుపెట్టిన తత్యానా బకాల్చుక్ ప్రసూతి సెలవులో ఉన్న ఇంగ్లిష్ టీచర్. ఒలెగ్ తింకోవ్ బ్యాంకు పెట్టడానికి ముందు ఎలక్ట్రానిక్స్ దుకాణాలు నడిపారు, పెల్మెనీలు (మాంసం కూరిన రష్యన్ వంటకం), బీరు అమ్మారు.

మిల్నర్ కూడా భౌతిక శాస్త్రమే చదివారు. అయితే ఆయనకు పేరు తెచ్చిన 2009 నాటి ఫేస్‌బుక్ ఒప్పందంలో కనిపించే తెలివి బేరమాడేవాడిది, భౌతిక శాస్త్రవేత్తది కాదు. ఆ సమయం ఎలాంటిదో గుర్తుచేసుకోవాలి. 2007లో మైక్రోసాఫ్ట్ 1,500 కోట్ల డాలర్ల విలువ కట్టి ఫేస్‌బుక్‌లో వాటా కొన్నది. మరుసటి ఏడాది ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. ఆ తర్వాత వచ్చిన మదుపరులు విలువ తగ్గించమన్నారు, బోర్డులో కుర్చీ కూడా అడిగారు. డీఎస్‌టీ 1,000 కోట్ల డాలర్ల విలువకు 20 కోట్ల డాలర్లు ఇచ్చి 1.96 శాతం తీసుకుంది. బోర్డులో స్థానం అడగలేదు, తన షేర్ల ఓటు హక్కునూ జుకర్‌బర్గ్‌కే వదిలేసింది. పైకి ఇది ఎక్కువ ధర పెట్టి తక్కువ హక్కులు తీసుకున్నట్టే కనిపిస్తుంది. కానీ అదే ఏడాది డీఎస్‌టీ ఫేస్‌బుక్ ఉద్యోగుల దగ్గరున్న సాధారణ షేర్లను, కంపెనీ విలువ 650 కోట్ల డాలర్లు అన్న లెక్కన, 10 కోట్ల డాలర్ల వరకు కొంటానని ముందుకొచ్చింది. రెండూ కలిపి చూస్తే సగటు ధర దిగివస్తుంది. ఉద్యోగులకు చేతిలో డబ్బు పడుతుంది. వ్యవస్థాపకుడికి తన కంపెనీ మీద పట్టు జారదు. పైగా సోషల్ నెట్‌వర్క్‌లు డబ్బు ఎలా సంపాదిస్తాయో డీఎస్‌టీ అప్పటికే రష్యాలో వీకే, ఓద్నక్లాస్‌నికీలలో వాటాదారుగా ఉండి చూసింది. ఆ అనుభవం లేకుండా అంత ధర చెప్పే ధైర్యం వచ్చేది కాదని నేను అనుకుంటాను.

అపోహ: వెంచర్ పెట్టుబడి లేకుండా అంత పెద్ద కంపెనీలు కట్టలేరు.

వాస్తవం: మన దగ్గర ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఇంజినీర్లు రోజూ వాడే కోట్లిన్ భాషను తయారుచేసిన జెట్‌బ్రెయిన్స్‌ను ముగ్గురు రష్యన్ ప్రోగ్రామర్లు 2000లో ప్రాగ్ నగరంలో స్థాపించారు, అది బయటి మదుపరుల డబ్బు లేకుండా, ఉత్పత్తులను అమ్ముకుంటూనే ఎదిగింది. వైల్డ్‌బెర్రీస్‌లో కూడా ఏళ్ల తరబడి 99 శాతం వాటా బకాల్చుక్ పేరునే ఉండేది.

అపోహ: ప్రభుత్వానికి ఎదురు తిరిగినవారే కంపెనీలు పోగొట్టుకుంటారు.

వాస్తవం: దీనికి అందరూ చెప్పే ఉదాహరణ దూరోవ్. ఉక్రెయిన్ నిరసనకారుల వివరాలు ఇమ్మని భద్రతా సంస్థ అడిగితే నిరాకరించానని ఆయన ప్రకటించిన మాట వాస్తవమే. అయితే అంతకు ముందే, 2013 ఏప్రిల్‌లో, ఆయన తొలి భాగస్వాములు తమ 48 శాతం వాటాను యూసీపీ అనే ఫండుకు అమ్మేశారు. దూరోవ్ దగ్గర మిగిలింది 12 శాతం. 2014 జనవరిలో అదీ అమ్మేసి, ఏప్రిల్‌లో పదవి విడిచిపెట్టారు. రాజకీయ ఒత్తిడి లేదని నేను అనడం లేదు. 12 శాతం వాటాతో ఆ ఒత్తిడిని తట్టుకుని నిలబడటం ఆయనకు సాధ్యమయ్యే పని కాదు.

ప్రభుత్వంతో ఏ తగాదా లేనివారికి ఎదురైన ప్రమాదం వేరు: మామూలు వ్యాపార వివాదాన్ని క్రిమినల్ కేసుగా మార్చడం. ఇగర్ సిసోయెవ్ రాంబ్లర్ అనే రష్యన్ ఇంటర్నెట్ సంస్థలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా ఉంటూ ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ రాసి, 2004లో దాన్ని ఉచితంగా విడుదల చేశారు. 2011లో కంపెనీ పెట్టారు. దానికి తొలి పెట్టుబడి ఇచ్చినవారిలో బెలౌసోవ్ స్థాపించిన రూనా క్యాపిటల్ ఉంది. 2019లో అమెరికన్ సంస్థ ఎఫ్5 దాన్ని 67 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది డిసెంబరులో మాస్కో కార్యాలయంలో పోలీసులు సోదాలు చేశారు. మా ఉద్యోగిగా ఉండగా రాసిన కోడ్ కనుక అది మాదేనని రాంబ్లర్ వాదన. పదిహేనేళ్లు ఎవరూ పట్టించుకోని హక్కు, ధర పలికిన తర్వాత గుర్తుకొచ్చింది. ప్రోగ్రామర్లలో ఆగ్రహం పెల్లుబికింది. చివరకు క్రిమినల్ కేసు ఉపసంహరించుకోవాలని రాంబ్లర్ బోర్డు నిర్ణయించింది. అందుకు చొరవ తీసుకున్నది ఆ కంపెనీలో పెద్ద వాటాదారైన స్బెర్‌బ్యాంక్ కావడం గమనార్హం. ప్రభుత్వ బ్యాంకు ఉన్న ప్రతిచోటా కీడే జరుగుతుందనుకునేవారికి ఇది మింగుడుపడదు.

మైకేల్ కాల్వీకి అంత తేలిగ్గా ముగియలేదు. యాండెక్స్‌కు తొలినాళ్లలోనే అండగా నిలిచిన బారింగ్ వోస్తోక్ ఫండ్ స్థాపకుడైన ఈ అమెరికన్‌ను, ఒక బ్యాంకులో తోటి వాటాదారులతో వచ్చిన వివాదం నేపథ్యంలో 2019 ఫిబ్రవరిలో అరెస్టు చేశారు. 2021లో న్యాయస్థానం ఆయనకు ఐదున్నరేళ్ల శిక్ష విధించి, అమలును నిలిపివేసింది. పావు శతాబ్దం రష్యాలో డబ్బు పెట్టిన మదుపరికే ఈ గతి పట్టిందని విన్నాక, కంపెనీని మొదటి నుంచీ సైప్రస్‌లోనో నెదర్లాండ్స్‌లోనో ఎందుకు రిజిస్టర్ చేసేవారో వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: దేశం విడిచి, పాస్‌పోర్టు వదులుకుంటే ఆ సంబంధం తెగిపోయినట్టే.

వాస్తవం: మిల్నర్, స్తరోన్‌స్కీ, తింకోవ్ 2022లో రష్యన్ పౌరసత్వం వదులుకున్నారు. ఆస్తి రష్యాలో ఉన్నవారికి అది సరిపోలేదు. తింకోవ్ ఉక్రెయిన్ యుద్ధాన్ని బహిరంగంగా విమర్శించిన తర్వాత తన బ్యాంకు వాటాను రష్యన్ కుబేరుడు వ్లదీమిర్ పొతానిన్‌కు అయినకాడికి అమ్ముకోవాల్సి వచ్చిందని ఆయనే చెప్పారు. యాండెక్స్ మాతృసంస్థ నెదర్లాండ్స్‌లో ఉన్నప్పటికీ, రష్యా ఆస్తులను కనీసం 50 శాతం తగ్గింపు ధరకే అమ్మాలన్న ప్రభుత్వ నిబంధన దానికీ వర్తించింది. 2021లో దాదాపు 3,000 కోట్ల డాలర్ల విలువ పలికిన కంపెనీ, 2024 జులైలో తన రష్యా వ్యాపారాన్నంతా సుమారు 540 కోట్ల డాలర్లకు వదిలించుకుంది. మిగిలిన భాగం నెబియస్‌గా పేరు మార్చుకుని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నడుస్తోంది.

దాని అధిపతి, యాండెక్స్ సహ వ్యవస్థాపకుడు అర్కాదీ వోలోజ్ పేరు 2022 జూన్‌లో యూరోపియన్ యూనియన్ ఆంక్షల జాబితాకెక్కింది, 2024 మార్చిలో తొలగింది. అదే వ్యక్తి గురించి ఆంక్షలున్న కాలంలో రాసిన నివేదిక, అవి తొలగిన తర్వాత రాసిన నివేదిక పూర్తిగా భిన్నంగా ఉంటాయి. అందుకే నేను జాబితాలు సరిచూసిన తేదీని నివేదిక మొదటి పేజీలోనే రాస్తాను. డబ్బు ఖాతాలో పడే ముందు మరోసారి సరిచూడాలన్న షరతును ఒప్పందంలో చేర్చమంటాను.